పింగళమ్మ పొదిగే పెట్టె

ఊరవతల దొడ్లో పెట్టలన్నీ తమ గుడ్ల మీద తామే కూర్చుంటే, పింగళమ్మ మాత్రం కరెంటు పెట్టె తెప్పించుకుంది. గుడ్లు పెట్టెలో, తాను పెంటకుప్ప మీద. గొప్పకి పోయిందనుకున్నారు అందరూ. అసలు సంగతి వేరు. పోయిన వానాకాలం ఆమె పొదిగిన గుడ్లు ఒక్కటీ పిల్ల కాలేదు. "పాపం, ఒంట్లో వేడి లేదు" అని బాతమ్మ దొడ్డంతా చెప్పొచ్చింది. తన గుడ్లు కూడా కోళ్ళ చేత పొదిగించుకునే బాతమ్మ! అయినా ఆ మాట పింగళమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఒక పొద్దున పెట్టెలో దీపం ఆరిపోయింది.

"తప్పుకో, నేను బాగుచేస్తా" అన్నాడు మొగుడు డేగయ్య, మెడ నిక్కించి. తన కూత లేకపోతే ఊరికి తెల్లవారదని నమ్మే పుంజుకి బల్బు ఒక లెక్కా?

"మొన్న ఫ్యాను కూడా బాగుచేశారు."

"చేశాగా!"

"చేశారు. ఇప్పుడది స్విచ్చి వేస్తే మూలుగుతోంది, ఆర్పితే తిరుగుతోంది."

గాటి దగ్గర ముసలి ఎద్దు కర్రెన్న నెమరేస్తున్నాడు. అతను తొందరపడగా చూసినవాళ్ళు లేరు. చూశామనేవాళ్ళుంటే వాళ్ళు అబద్ధాలకోర్లు.

"ముందు స్విచ్చి ఆర్పి ప్లగ్గు పీకు అమ్మాయ్. తర్వాత మూత తీసి చూడు. ముక్కు మాత్రం పెట్టకు."

పింగళమ్మ చూసింది. లోపల ఒక బల్బు, దానికో తీగ. అంతే. తీగని ఎలక కొరికేసింది.

"బల్బు పోతే మనమే మార్చుకునేవాళ్ళం" అన్నాడు కర్రెన్న. "కొరికిన తీగ మన పని కాదు. కరెంటుకి చుట్టరికం తెలియదు. పని తెలిసినవాడు వచ్చేదాకా ఆగు."

"గుడ్లు ఆగుతాయా మావా?"

"ఆగవు."

"మరి?"

కర్రెన్న నెమరు ఆపి ఆమెవైపే చూశాడు. ఆ చూపు అర్థమై పింగళమ్మ తల తిప్పుకుంది.

నక్కని తొక్కి వస్తే అదృష్టమంటారు. పిలవకుండా నక్కే నడిచొస్తే ఏమంటారో తెలియదు. కంచె దగ్గర బుచ్చిలింగం నిలబడ్డాడు. భుజాన సంచీ, సంచిలో స్క్రూడ్రైవరు. అది ఎవరింట్లోదో మనకెందుకు!

"పెట్టె ఆగిందట కదా వదినా? మూత తియ్యకండి, గాలి తగులుతుంది. వాసనబట్టే చెప్తున్నా, మోటారు కాలింది."

"మోటారా?"

"మోటారే! గుడ్లతో సహా నా గుంటకి... అదే, షాపుకి తీసుకెళ్తా. గుడ్లుంటేనే వేడి సరిచూడగలం. సాయంత్రానికి పెట్టె మీ గడపలో ఉంటుంది."

"ఇచ్చెయ్యవే, పెద్ద పనివాడిలా ఉన్నాడు" అన్నాడు డేగయ్య.

ఇచ్చేస్తే బరువు దిగిపోతుంది. పిల్లలు కాకపోతే తప్పు పెట్టెది, లేదా బుచ్చిలింగానిది. తన ఒంటిది మాత్రం కాదు. ఆ ఆలోచన పింగళమ్మకి ఒక్క క్షణం చల్లగా తగిలింది. కానీ ఆ పెట్టెలో మోటారు లేదు. కళ్ళారా చూసింది.

"సరే మరిదీ. గుడ్ల చుట్టూ గడ్డి సర్ది ఇస్తాను. అలా గడ్డివాము అవతల నిలబడు, పరాయి మగాళ్ళు చూడకూడదు."

గుడ్లు గంపలోకి దొర్లాయి. కర్రెన్న గిట్టతో గులకరాళ్ళు పెట్టెలోకి నెట్టాడు. డేగయ్య కూడా ఒక రాయి మోశాడు. ఆ సంగతి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు.

"ఇంత బరువేంటి వదినా?"

"లోపల పిల్లలు ఎదిగాయి మరి."

బుచ్చిలింగం గుటకలు మింగుతూ పరుగెత్తాడు.

పింగళమ్మ భయంభయంగా గంపలో కూర్చుంది. మధ్యాహ్నానికి మబ్బు పట్టి ఉరిమింది. కర్రెన్న తన నాడా నుంచి ఊడిన మేకు తెచ్చి గడ్డిలో పడేశాడు.

"ఇనుముంటే ఉరుముకి గుడ్లు చెడవంటారు. నిజమో కాదో, నీకు ధైర్యం."

"పోయినసారి కూడా ఇలాగే కూర్చున్నాను మావా."

"పోయినసారి చూరు కారి గుడ్లు నానాయి. ఒంట్లో వేడి లేదన్నది బాతమ్మ. మూత తీసి చూసిందా?"

పింగళమ్మ రెక్కలు ఇంకాస్త విప్పి సర్దుకుంది.

రోజులు నిండాక గుడ్లు చిట్లి, గంప నిండా కిచకిచలు. చూడ్డానికి వచ్చిన బాతమ్మ ఊరికే రాలేదు. పొదిగిపెట్టమని తన గుడ్లు కూడా పట్టుకొచ్చింది.

బుచ్చిలింగానికి పెట్టె మోసుకెళ్ళిన సాయంత్రమే ఒక పన్ను విరిగిందని వినికిడి. పెట్టె ఇప్పటికీ అతని గుంట ముందే ఉంది. ఎప్పుడిస్తావని ఎవరైనా అడిగితే, "పార్టు రావాలి" అంటాడు.

నీతి: బాగుచేయడం రాకపోతే తప్పు లేదు, మూత తీసి చూడకుండా ఎవరి మాటైనా నమ్మడమే తప్పు.