కక్కు కొట్టే చౌడమ్మ

కాళ్ళు ఆడించకు నాన్నా, దుప్పటి జారిపోతోంది. ఆఁ, విను.

అనగనగా ఒక ఊళ్ళోకి చౌడమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆవిడది తిరగళ్ళకు కక్కు కొట్టే పని. తిరగలి తిరిగి తిరిగి నున్నగా అరిగిపోతే గింజ నలగదు కదా? అప్పుడు చౌడమ్మ ఉలితో రాయి మీద చిన్న చిన్న గుంటలు కొడుతుంది. మొద్దుబారిన కొడవళ్ళకు పళ్ళు కూడా కోస్తుంది.

చౌడమ్మకి ఎక్కడా కాలు నిలవదు. చంకన తిప్పి అనే కూతురు, భుజాన ఉలీ సుత్తీ ఉన్న సంచి. పని అయిందంటే పై ఊరికి పరుగే. పోయినేడు ఆ ఊరికి రానేలేదు. అందుకే అక్కడ అందరి తిరగళ్ళూ అద్దంలా ఉన్నాయి.

సుంకులమ్మ అనే ఆమె వాళ్ళకు తన వసారాలో చోటిచ్చింది. ఇంకా సంచి దించనేలేదు, తిప్పికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒక్క పూటలో బుగ్గలు సొట్టలు పడి, కళ్ళు లోపలికి పోయి, పిల్ల వాలిపోయింది.

ఊరి వైద్యుడు వచ్చి మందు వేశాడు. "పల్చటి రాగిజావ కొంచెం కొంచెంగా పట్టండి. కడుపులో నిలిస్తే భయం లేదు" అన్నాడు.

నిలవకపోతేనో?

సుంకులమ్మ తిరగట్లో రాగులు పోసి తిప్పింది. గింజ గింజలాగే బయటికొచ్చింది. అప్పుడు రోట్లో దంచింది. ఆ పిండితో కాచిన జావ బరకబరకగా ఉండి పిల్లకు దిగనే లేదు.

ఆ తర్వాత చౌడమ్మ ఉలి పట్టింది. మనసంతా పిల్ల మీదే. మొదటి దెబ్బకే ఉలి జారి రాయి అంచున పెచ్చు ఊడింది. ఉలి వదిలేసి పిల్ల దగ్గరికి పరుగెత్తింది. వచ్చి ఇంకో దెబ్బ కొట్టింది, మళ్ళీ పరుగెత్తింది.

"ఊపిరుందా అక్కా?"

అప్పుడు సుంకులమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని, రాతి ముక్కలు తగలనంత దూరంలో, ఎదురుగా కూర్చుంది. "ఇదిగో, నీ కళ్ళముందే ఉంది. పొట్ట చూడు, లేస్తోంది. లేచినప్పుడల్లా ఒక దెబ్బ కొట్టు."

నువ్వు పుస్తకంలో కాస్త చోటు వదిలి రాత మొదలుపెడతావే, అలా చౌడమ్మ అంచున కాస్త చోటు వదిలి మొదలుపెట్టింది. పొట్ట లేస్తే, టక్. దిగితే ఆగింది. లేస్తే, టక్. ఒకసారి పొట్ట లేవడం ఆలస్యమైంది. సుత్తి గాల్లోనే ఆగిపోయింది. అమ్మయ్య, లేచింది. టక్!

రెండు రాళ్ళూ అయ్యేసరికి ఎండ గోడ దిగింది. ముందు తిరగట్లో తవుడు పోసి విసిరి రాతిపొడి పోగొట్టారు. ఆ తర్వాత రాగులు పోశారు. పిండి మెత్తగా, జల్లుగా రాలింది.

మొదటి చెంచా జావ పెదవి పక్కనుంచి కారిపోయింది. రెండోది వాంతైంది. మూడోది గుటుక్కున లోపలికి పోయింది. ఇద్దరూ కదలకుండా చూస్తూ కూర్చున్నారు. అది నిలిచింది.

తెల్లారాక తిప్పి కళ్ళు తెరిచి, "ఆకలి" అంది. సుంకులమ్మ సంతోషం పట్టలేక, "చౌడమ్మా!" అని కేక పెట్టబోయింది.

"అరవకు పెద్దమ్మా" అంది తిప్పి, నోటి మీద వేలు పెట్టుకుని. "మా అమ్మ పడుకుంది."

తిరగలికి ఆనుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది చౌడమ్మ. అమ్మ నిద్రపోవడం ఆ పిల్ల చూడటం అదే మొదటిసారి.

కథేమో కంచికి నడిచింది,
మనల్నేమో ఇంటికి విడిచింది.
రెప్పా రెప్పా కలిసింది,
నిద్దర వచ్చి పిలిచింది.