పలకలకోన చీలిక గంగమ్మ

నల్లమల కొండలు పడమరకు దిగి వచ్చే చోట, నల్లని పలకరాళ్ల నడుమ పలకలకోన అనే చిన్న ఊరు ఉంది. ఊరికి ఉత్తరాన చీలిక గంగమ్మవారి సన్నిధి. ఇక్కడ అమ్మవారికి విగ్రహం లేదు. మోకాలెత్తు బండ, దాని నడినెత్తిన బొటనవేలు పట్టేటంత రంధ్రం, ఆ రంధ్రం మీదుగా ఈశాన్యం నుంచి నైరృతికి సాగిన సన్నని చీలిక, అంతే. ఆ చీలికకే పసుపు రాసి కుంకుమ పెడతారు.

పూర్వం ఇక్కడ వరుసగా మూడేళ్లు వానలు లేవు. తాగే నీటికి ఆమడ దూరం నడవవలసి వచ్చేది. ఊరి పెద్ద సిద్ధారెడ్డి బావి తవ్వడానికి వడ్డెరలను రప్పించాడు. వారి మేస్త్రీ వల్లెపు హనుమప్ప. ఆరు నిలువుల లోతు దిగేసరికి బావి గోడ లోపలికి ఉబ్బి, పలకలు పెళ్లగిలి అతని మీద పడ్డాయి. హనుమప్ప ప్రాణంతో పైకి రాలేదు.

కర్మకాండ ముగిశాక సిద్ధారెడ్డి అతని భార్య ఎర్రక్క దగ్గరకు వచ్చాడు. "మీరు ఎల్లిపోండమ్మా. ఇంకో ప్రాణం అడిగే మొగం నాకు లేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం బావి గట్టున, తవ్విపోసిన రాళ్ల నీడలో ఎర్రక్కకు కునుకు పట్టింది. తడిసిన చీరతో ఒక ముసలమ్మ కలలో కనిపించి, "బండను సమ్మెటతో అడిగితే అలుగుతుంది బిడ్డా. నీళ్లతో అడుగు. కొండ ఎటు నొక్కుతోందో అదే చెబుతుంది" అని పలికింది.

ఎర్రక్క లేచి మరిది దుర్గప్పను పిలిచింది. పక్కనున్న బండకు ఉలితో సన్నని రంధ్రం తొలిపించి, నిండా నీళ్లు పోసి, బిగుతుగా పట్టే కొయ్యమేకు దించి, లోపలి నీళ్లే బండను నొక్కేలా ఆ మేకును సమ్మెటతో కొట్టింది. తొమ్మిదో దెబ్బకు బండ చీలింది. మరో మూడు చోట్ల అలాగే చేసింది. ఎక్కడ చూసినా చీలిక ఒకే దిక్కుకు పోయింది.

"కొండ ఈ దారెమ్మటి నొక్కుతాండాది మరిదీ. మన బావి గోడ దీనికి అడ్డం నిలబడినాది. ఈసారి దానెమ్మటే పొడుగ్గా తవ్వుదాం" అంది.

మగవారు వెనుకాడారు. భర్త పోయిన చోటికి నాలుగు బారల దూరంలో ఎర్రక్కే ముందు దిగింది. నిలువు నిలువుకూ నీళ్లు పోసి బండను అడిగేది. ఎక్కువ దెబ్బలు పట్టిందంటే బిగువు పెరిగిందని గుర్తించి, అక్కడ గోడకు మెట్టు వదిలి, వెడల్పు తగ్గించి తవ్వించేది. గోడ నిలిచింది. తొమ్మిదో నిలువులో బండ చీలినప్పుడు, పోసిన నీరు కాక చల్లని ఊట పైకి ఉబికింది. ఎర్రక్క ఆ చీలిక మీద అరచెయ్యి ఆనించి, భర్త పోయాక మొదటిసారి బావురుమంది.

ఎర్రక్క కల విని, ఆ ముసలమ్మ గంగమ్మేనని నమ్మిన సిద్ధారెడ్డి తొలి కడవ నీటిని అమ్మవారి అభిషేకానికి ఎత్తాడు. అప్పుడు ఎర్రక్క, "అమ్మకు తర్వాత పోయచ్చు రెడ్డీ. లోపలికి దిగినోళ్లు దప్పిగ్గొన్నారు" అంది. రెడ్డి తలపాగా తీసి భుజాన వేసుకొని, వడ్డెరల దోసిళ్లలో ఒక్కొక్కరికీ తానే నీళ్లు పోశాడు. మిగిలిన నీటితో, ఎర్రక్క మొదట అడిగిన బండకు అభిషేకం జరిగింది. అమ్మ అందులోనే వెలసిందని ఊరు నమ్మింది.

నేటికీ ఈ చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో బావి తవ్వినా, బోరు వేసినా తొలి నీరు దేవుడి గదికి పోదు. ఇంటి యజమాని చెప్పులు విడిచి, పని చేసినవారి దోసిట పోస్తాడు. అలా పోసినవారి నీరు ఎండలకు తగ్గదని, దిగినవారు క్షేమంగా ఇల్లు చేరుతారని భక్తుల నమ్మకం. బోరుబండితో దూరదేశం నుంచి వచ్చిన పనివారికి మన మాట తెలియదు. యజమాని చెంబు పట్టుకొని ఎదురుగా వంగి నిలబడగానే, వారు కాసేపు తెల్లబోయి, గ్రీజు చేతులు చొక్కాకు తుడుచుకొని మెల్లగా దోసిలి పడతారు.