ముప్పై గజాల వైరు

భద్రానికి నెల రోజులుగా ఒకటే బాధ. పరమగురువు పాట మధ్యలోకి పక్కింటి మరిడమ్మ వచ్చేస్తోంది.

కాకినాడ రేవు దగ్గర ఓ సినిమా హాల్లో ముప్పయ్యేళ్లు ప్రొజెక్టరు నడిపి మానేసినవాడు భద్రం. ఇంట్లో యాంప్లిఫయరు, టేపురికార్డరు, స్పీకరు బాక్సు తనే అమర్చుకున్నాడు. శబ్దం సంగతి వస్తే తన చెవి తర్వాతే ఎవరి చెవైనా అని అతని నమ్మకం. ఆ మాట పదిమందిలో చెప్పుకునేవాడు కూడా.

అతని గురువు పేరయ్యగారు దర్జీ. పగలంతా మిషను తొక్కుతూ, సాయంత్రం నలుగురికి తత్వాలు చెప్పేవారు. ఆయన గురువు పోయి పాతికేళ్లయింది. ఆ పెద్దాయన పాడిన పాటలు ఒక్క టేపులో మిగిలి ఉన్నాయని తెలిసి, భద్రం తుని దాకా వెళ్లి, కాళ్లావేళ్లా పడి తెచ్చాడు. రేపు పున్నమికి ఆయన ఆరాధన. ఆ రోజు దీపాలవేళ గురువుగారికి ఆయన గురువు గొంతు వినిపించాలి. పేరయ్యగారికి డెబ్బై దాటాయి, చెవులు మందగిస్తున్నాయి. పై ఏటికి ఏం వినపడుతుందో ఎవరు చెప్పగలరు.

అందుకని రోజూ అదే వేళకి టేపు పెట్టి సరిచూసుకునేవాడు. పాట చరణం అందుకునేసరికి బాక్సులోంచి గరగరమంటూ ఆడగొంతు.

"మావా, వలేసేరా? ఓవర్."

మరిడమ్మ మొగుడు బోటు సరంగు. వేటకెళితే పది రోజులకి గాని రాడు. దీపాలవేళ ఒక్క గంట అతనితో వైర్‌లెస్ సెట్టులో మాట్లాడుకుంటుంది.

భద్రం ఊరుకోలేదు. యాంప్లిఫయరుకి రేకు పెట్టె చేయించాడు. దానికి ఎర్తు ఇచ్చాడు. పైన ఇనప జాలీ కప్పాడు. టేపురికార్డరు వైరుకి సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం చుట్టాడు. మరిడమ్మ అన్నీ దాటుకుని వచ్చి, "అన్నం తిన్నావా?" అని అడుగుతూనే ఉంది. ఆ గొంతుని ముంచెయ్యాలని సౌండు నిండా తిప్పాడు. ఆమె గొంతూ దాంతోపాటే పెరిగింది.

చివరికి గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

"మీరు చెబితే ఆవిడ కాదనదండి. రేపొక్క గంట ఆ సెట్టు కట్టెయ్యమనండి."

"ఆవిడకున్నదే ఆ గంట కదరా," అన్నారు పేరయ్యగారు. మెడలో కొలతపట్టీ అలాగే ఉంచుకుని, కత్తెర జేబులో వేసుకుని, అతని వెంట నడిచారు.

పున్నమికి దాచుకున్నది ఒకరోజు ముందే విప్పాల్సి వస్తోందని భద్రానికి చివుక్కుమంది. అయినా టేపు పెట్టాడు. పెద్దాయన గొంతెత్తాడో లేదో మరిడమ్మ వచ్చింది.

"కాలి వాపు తగ్గిందా మావా? ఓవర్."

భద్రం తల పట్టుకున్నాడు. పేరయ్యగారు లేచి, గది చుట్టూ చూసి, బీరువా వెనక వేలాడుతున్న వైరుచుట్ట దగ్గర ఆగారు.

"ఇదేంట్రా?"

"యాంప్లిఫయరు నుంచి బాక్సుకి వెళ్లే వైరండి. ముప్పై గజాలు. పండగలకి వీధి చివర బాక్సు కడితే ఊరంతా వింటారని కొన్నానండి."

"ఇప్పుడు బాక్సు ఎక్కడుంది?"

"ఈ బల్ల మీదేనండి."

పేరయ్యగారు కత్తెర తీశారు. నలభై ఏళ్లుగా ఆ కత్తెరతో కాగితం కూడా కత్తిరించనివ్వని మనిషి. పట్టీతో కొలిచి, వైరుని కటుక్కున తెంపారు. కత్తెర అంచున నొక్కు పడింది.

"రెండు మూరలు చాలు కదండీ, ఇంత వదిలేరేం?"

"కుట్టుకి వదలాలి కదరా."

కొసలు ఒలిచి కలుపుతూ భద్రం సిగ్గుపడిపోయాడు. రేడియోలకి ఎన్నిళ్ల మీద ఏరియల్ తీగలు కట్టాడో లెక్కలేదు. తన బీరువా వెనకే ముప్పై గజాల ఏరియల్ కట్టుకుని, మూడడుగుల పెట్టెకి కవచాలు తొడిగాడు.

టేపు మళ్లీ పెట్టాడు. గరగర లేదు. ఇంక అరిపించడమెందుకని సౌండు తగ్గించాడు. పెద్దాయన గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు వచ్చింది. పేరయ్యగారు బాక్సుకి చెవి ఆనించి చేతులు జోడించారు. కళ్లు తడిశాయి. ఆయన్ని చూస్తూంటే భద్రానికి కడుపు నిండిపోయింది.

పాట అయింది. పేరయ్యగారు కళ్లు తుడుచుకుని అడిగారు.

"ఇంతకీ ఆ సరంగు కాలి వాపు తగ్గిందటరా?"

"జవాబు మనకి రాదండి. బోటు ఎక్కడో దూరాన ఉంటది. ఆవిడ అడిగేది ఒక్కటే వినపడుద్ది."

"అయితే కనుక్కునిరా."

భద్రం గోడ దగ్గరికి వెళ్లి పిలిచాడు. మరిడమ్మ సెట్టు దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"మీ ఆయన కాలెలా ఉందమ్మా?"

"తగ్గిందంటండి. మీకెవరు సెప్పేరు?"

"నీ మాటలు మా బాక్సులోకి వచ్చేవమ్మా."

మరిడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యబాబోయ్, అన్నీ ఇనేసేరా." కాసేపు నవ్వి, మళ్లీ అంది. "మీ పాటా మా సెట్టులోకి వస్తాదండి. నేను మాట్టాడతంటే గోడవతల్నించి మైకులో పడి బోటు దాకా పోద్దంట. మా మావైతే, నువ్వాగే, ఆ సరణం అవనీ అంటాడు. బోటులో ఆరుగురూ ఇంటారంటండి. ఈయేళ ఇనపళ్లేదేటని ఇప్పుడే అడుగుతున్నాడు."

"ఉండమ్మా, కట్టెయ్యకు," అన్నాడు భద్రం.

లోపలికి వచ్చి టేపు మొదటికి తిప్పాడు. బాక్సు ఎత్తుకుని మరిడమ్మ ఇంటివైపు కిటికీలో పెట్టాడు. గురువుగారు కుట్టుకని వదిలిన వైరు సరిగ్గా కిటికీ దాకా వచ్చింది.

పాట మొదలైంది. పేరయ్యగారు కత్తెర నొక్కుని వేలితో తడుముకుంటూ అన్నారు.

"కొంచెం పెంచరా."