తాతగారి మీసంలో రెండు చుక్కలు

రాజుగారికి కాలు నిలవడం లేదు. సాయంత్రానికి కొత్త వియ్యాలవారు దిగుతున్నారు. వాళ్లకి తన తాతగారి ఘనత చూపిద్దామంటే ఉన్న బొమ్మ అరచేతిలో ఇమిడేంత, అదీ రంగు చుక్కలతో కూర్చినది. దాన్ని కోట వాకిలంతా ముగ్గుగా వేయమని ముగ్గులేసే పేరిందేవిని పిలిపించాడు.

"ఉన్న చుక్క పోకూడదు, లేని చుక్క చేర్చకూడదు. తేడా వస్తే ఊరు విడిచిపోవాలి!"

పేరిందేవి ఆ చుక్కలనే మూరెడు మూరెడు ఎడంగా వాకిలంతా పెట్టి చేతులు దులుపుకుంది. రాజు పరుగున వచ్చాడు.

"మా తాతగారేరీ?"

"ఇక్కడే ఉన్నారు ప్రభూ. వాకిలి పెద్దది, చుక్కలు అన్నే. మధ్యలో ఖాళీ మిగిలింది."

"పక్క చుక్కలు చూసి, ఊహించి నింపు!"

"అది లేనిది చేర్చడం కాదా? ఊరు విడిచిపోనా?"

పొలిమేరలో బాజాలు మోగాయి.

"వద్దు తల్లీ, నీ ఇష్టం, కానియ్!"

నల్లచుక్కకీ తెల్లచుక్కకీ మధ్య బూడిదరంగు, ఎరుపుకీ పసుపుకీ మధ్య నారింజ, ఇలా చకచకా నింపేసింది.

వియ్యంకుడు మేడమీంచి చూసి, "ఆహా, ఏం మీసం!" అన్నాడు.

"మా తాతగారి పౌరుషం అలాంటిది!" అంటూ రాజు పొంగిపోయాడు.

వెనకనుంచి పేరిందేవి మెల్లిగా అంది: "ఆ మీసంలో ఆయనవి రెండే చుక్కలు ప్రభూ. మిగతా పౌరుషమంతా నాది."