పూలు రాలిన తంగేడు

ఆ చెలకలో పశువులూ పిట్టలూ కలిసి గట్టు వెంబడి పూలమొక్కలు పెంచుకునేవి. అన్నీ బంతి నాటాయి. కౌజు పిట్ట ఒక్కతే తంగేడు గింజ పాతింది. మొదటి ఏడు ఆ మొక్క మోకాలెత్తు దాటలేదు. నెమలి వచ్చి చూసి, "దీన్ని చూడాలంటే వంగాల్సి వస్తోంది" అని వెళ్లిపోయింది. మేకలు దాన్ని మూతితో కూడా ముట్టలేదు. అది గొప్పో అవమానమో ఎవరూ తేల్చలేదు.

రెండో ఏడు వానలు తగ్గే వేళకు తంగేడు పసుపు పోసినట్టు పూసింది. నెమలి దాని ముందే నిలబడి పురి విప్పింది. వెనక మంచి రంగు ఉండాలట.

చలికాలానికి బంతి మాడిపోయింది, అన్నీ కలిసి పీకేశాయి. తంగేడు పూలు రాలిపోయి, చదునైన కాయలు గుత్తులుగా వేలాడి ఎండాయి. కౌజు ఆ పొద కిందే పిల్లల్ని చేసింది.

అప్పుడొచ్చింది నక్క, మంచి చెప్పడానికొచ్చిన మొహంతో.

"కౌజక్కా, పెళ్లయి నెలలైనా పందిరి విప్పకపోతే ఇల్లేం బాగుంటుంది? ఈ ఎండుకాయలు చూడలేకపోతున్నాం."

"చూడకు మామా."

"నాకోసం కాదులే. పాపం నెమలి దొర బాధపడుతున్నారు."

నెమలి బాధగా తలూపింది.

నక్క గట్టు పక్కన నెమరేస్తున్న ఎద్దు వైపు తిరిగింది. "ఎద్దు తాతా, నువ్వోసారి కొమ్ము పెట్టి లేపితే వేళ్లతో సహా వచ్చేస్తుంది."

ఎద్దు నెమరు ఆపింది. "చెప్తే చేస్తా. రేపు చెప్పినా చేస్తా."

నక్క మాట కాయల మీద ఉంది, చూపు కాయల కింద ఉంది. కౌజు అది చూసింది. పొద పోతే పిల్లలు పొద్దుగూకేదాకా కూడా మిగలవు.

"సరే మామా. కానీ మన చెలకలో ఏది పీకుదామన్నా, అన్నవాళ్లే మొదటి చెయ్యి వెయ్యాలి. బంతి పీకినప్పుడు నెమలి దొర కూడా ఓ మొక్క లాగారు."

"ముక్కు నొచ్చింది" అంది నెమలి.

"తాత లేపేముందు నువ్వొక్క గుత్తి తెంపు."

నక్క పొద వైపు ఒకడుగు వేసి ఆగింది. "ఈ ఆనవాయితీలన్నీ ఇప్పుడెందుకక్కా? తాతే కానిస్తాడులే."

"ఒక్క గుత్తే."

"అది కాదు. ముట్టుకుంటే చాలు, పొదంతా గలగలమంటుంది. మంచె కింద కాపలా కుక్క లేస్తుంది."

"లేవనీ" అంది ఎద్దు. "తోట శుభ్రం చేసేవాణ్ణి కుక్క ఏమంటుంది?" కాసేపు నమిలి, మళ్లీ అంది: "ముట్టుకుంటే మోగుతుందని నీకెలా తెలుసు?"

"గాలికి మోగుతుంటే విన్నా."

"గాలికైతే కుక్క లేవదు. అది రోజూ వినే చప్పుడే. ఎవరైనా దూరితేనే లేస్తుంది. మొన్న రాత్రి లేచింది. అంతకుముందు రాత్రీ లేచింది. నాకు నిద్ర లేదు."

ఎద్దుకు అసలు బాధ అదే. అది లేచి వెళ్లి పొద పక్కన, పిల్లలకు అడ్డంగా పడుకుంది. కొమ్ములు మాత్రం నక్క వైపు పెట్టింది.

"తెంపు" అంది.

తెంపకపోతే రాత్రుళ్లు వచ్చింది తనేనని ఒప్పుకున్నట్టే. నక్క పంటి కొసలతో ఒకే ఒక్క కాయ పట్టుకుని మెల్లగా లాగింది. పొదంతా గలగలమంది. పిల్లలు తల్లి రెక్కల కింద దూరాయి. కుక్క లేచింది.

నక్క వాగు దాటి తన బొరియ చేరేదాకా వెనక్కి చూడలేదు. నోట్లో కాయ అలాగే ఉండిపోయింది. చిరాగ్గా గుమ్మం ముందే ఉమ్మేసింది.

వానలకు అక్కడ తంగేడు మొలిచింది. పీకితే మళ్లీ చిగురేసింది. ఇప్పుడు చలికాలం వస్తే నక్క తన ఇంట్లోంచి బయటికి రావడం కూడా ఊరందరికీ వినబడుతోంది.

పూలు రాలాయని చెట్టు పని అయిపోయిందనుకోకూడదు.