బండమీద ముళ్ళపంది

అనగనగా, జంతువులు కూడా సభలు పెట్టుకుని విసుగెత్తిపోయిన కాలంలో, ఒక పెద్ద అడవి ఉండేది. ధూమకేసరి అనే సింహం దానికి రాజు. రాజున్నాక సభ ఉండాలి, సభ ఉన్నాక ప్రతిపక్షం ఉండాలి. రెండూ ఉన్నాయి. ఉండి ఏం లాభమని మాత్రం అడక్కండి.

ఆ సభలో ఓటు వేసే పద్ధతి వినండి. రాజు ఒక మాట సభ ముందు పెడతాడు. ఔననేవాళ్ళు మద్దిచెట్టు నీడలో కూర్చునే ఉండాలి. కాదనేవాళ్ళు లేచి, ఎదురుగా ఉన్న నల్లబండ ఎక్కి, రాజు తీర్పు చెప్పేదాకా ఎండలో నిలబడాలి. బండమీద ఒక్కరున్నా సరే, "ఎందుకు కాదంటున్నావు?" అని రాజు అడిగి తీరాలి. అది తాతలనాటి కట్టుబాటు. సభ వదిలి పొదల అవతలికి పోయినవాళ్ళు మాత్రం ఏ లెక్కలోకీ రారు.

కంటకయ్య అనే ముసలి ముళ్ళపంది ప్రతిపక్షంలో సభ్యుడు. మెట్టగుట్ట బొరియల్లో ఉండే కుందేళ్ళు, ఎలుకలు, ముంగిసలు కలిసి అతన్ని సభకు పంపాయి. "మాకింకేం వద్దు కంటకయ్యా. గుట్టకింద మడుగు పోకుండా చూడు. ఎండాకాలం మాకు అదొక్కటే నీరు" అన్నాయి. అతను సరేనన్నాడు. సరేనన్న పాపానికి, ఆనాటి నుంచి అతని మోకాళ్ళకు సుఖం లేదు.

ఒకసారి రాజు, జింకలు మేసే పచ్చిక తన బంధువుల ఆటలకు కావాలన్నాడు. ప్రతిపక్ష నాయకుడు వాగ్భూషణుడనే నక్క. అతను లేచి, అడవి అదిరేటట్టు అరిచి, తనవాళ్ళందరినీ వెంటేసుకుని పొదల అవతలికి పోయాడు. అక్కడ రేగుపళ్ళు బాగుంటాయి. కంటకయ్య ఒక్కడే బండెక్కాడు. రాజు ఆవలిస్తూ కారణమడిగాడు. కంటకయ్య చెప్పాడు. రాజు విన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. పచ్చిక పోయింది.

"ఏం తెచ్చావు మాకు?" అని గుట్టమీద ఎలుకలు అడిగాయి.

"ఏమీ తేలేదు. కాదని వచ్చాను" అన్నాడు కంటకయ్య. ఎలుకలు మొహాలు చూసుకున్నాయి. అతనికి ఆ పూట తిండి సయించలేదు.

మరోసారి రాజు, ఎండలు ముదరకముందే అడవి నడుమ ఎండుగడ్డి కోయించి నిప్పుబాట తీయిద్దామన్నాడు. మంటలు వస్తే దాటకుండా ఆగుతాయన్నాడు. మంచి మాటే. అయినా వాగ్భూషణుడు యథాప్రకారం అరిచి లేచాడు. కంటకయ్య కదల్లేదు. నీడలోనే కూర్చున్నాడు.

"అమ్ముడుపోయావా?" అన్నాడు నక్క, నలుగురూ వినేటట్టు.

"ఇది మంచిదే కదయ్యా. కాదని ఎలా అననూ?"

"ప్రతిపక్షంలో ఉండి ఔనంటావా? సిగ్గులేదూ?"

కంటకయ్యకు ప్రాణం చివుక్కుమంది. అన్నేళ్ళు ఎండలో నిలబడితే పలకరించినవాడు లేడు, నీడలో కూర్చున్న ఒక్కపూటకు అందరూ చుట్టుముట్టారు. ఆ ఎండాకాలం కార్చిచ్చు రానే వచ్చింది, నిప్పుబాట దగ్గర ఆగిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఇక మూడోసారి. మంత్రి తోడేలు రాజు తరఫున లేచి, గుట్టకింది మడుగును మొసళ్ళకు ఇచ్చేద్దామన్నాడు. బదులుగా అవి రాజుగారి పిల్లల్ని వీపుమీద ఏరు దాటిస్తాయట. మొసళ్ళున్న మడుగులో కుందేలు మూతి పెట్టగలదా? కంటకయ్య లేచి వాగ్భూషణుడి దగ్గరికి నడిచాడు.

"ఈ ఒక్కసారికి ఉండండి బాబూ. అందరం బండెక్కుదాం. బయటికి పోతే మనం లెక్కలో ఉండం."

"బయటికి పోతే అడవంతా చెప్పుకుంటుందయ్యా. బండెక్కితే కాళ్ళు కాలతాయి, అంతే" అని నక్క గొంతు సవరించుకుని, అరిచి, తనవాళ్ళతో వెళ్ళిపోయాడు.

కంటకయ్య బండ వైపు చూశాడు. తనూ వెళ్ళిపోతే ఏమవుతుంది అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ ఎవరూ ఎక్కకపోతే రాజు కారణం అడిగే పనే ఉండదు. ఉస్సురంటూ ఎక్కాడు.

"ఎందుకు కాదంటున్నావు?" అన్నాడు రాజు, కట్టుబాటు కొద్దీ.

"గుట్టమీది పిల్లలకు వేరే నీళ్ళు లేవు ప్రభూ. మొసళ్ళు వస్తే దాహంతో చావాలి, లేదా వాటి నోట్లో పడి చావాలి."

ధూమకేసరి తల తిప్పి అతన్ని తేరిపార చూశాడు. "నిప్పుబాట రోజున నువ్వు నీడలో కూర్చున్నావు కదూ?"

"కూర్చున్నాను."

"నీవాళ్ళు తిట్టారట."

"తిట్టారు ప్రభూ. అది మంచిది కాబట్టి కూర్చున్నాను. ఇది మంచిది కాదు కాబట్టి ఎక్కాను. మీమీద కోపం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాళ్ళు నొప్పులు, అంతే."

రాజు నీడ వైపు చూశాడు, పొదల వైపు చూశాడు. నీడలో ఉన్నవాళ్ళు తను తుమ్మినా ఔనంటారు. పొదల అవతలివాళ్ళు తను తుమ్మినా కాదంటారు. విషయం చూసి చెప్పేవాడు ఈ ముసలివాడొక్కడే అని అతనికి అప్పుడు తట్టింది.

"మొసళ్ళు ఏట్లోనే ఉంటాయి. మడుగు జోలికి ఎవరూ పోవద్దు" అన్నాడు.

"దివ్యంగా ఉంది ప్రభూ" అన్నాడు తోడేలు వెంటనే.

కంటకయ్య కుంటుకుంటూ గుట్ట చేరేసరికి, అక్కడ వాగ్భూషణుడి మెడలో పూలదండ ఉంది. తమ అరుపులకు రాజు జడిసి దిగివచ్చాడని అతను చెబుతున్నాడు, కుందేళ్ళు తలలూపుతున్నాయి.

"నువ్వు చెప్పవేం?" అంది కంటకయ్య భార్య సూదమ్మ, ఒళ్ళు మండి.

"ఓపిక లేదే. పిల్లలు నీళ్ళు తాగుతున్నారు, చూడు" అని అతను మడుగులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

పిల్లలూ, కాదనాల్సిన చోట అరిచి లేచిపోవడం కాదు, నిలబడి కాదనాలి. మంచికి ఔనన్నవాడు కాదంటేనే ఎదుటివాడు ఆగి వింటాడు.