ఇరుచూపులమ్మకు కళ్ళు దిద్దిన ఆలుమగలు

నీలారం గ్రామానికి రెండు కోసుల దూరాన, రెండు లోయల నడుమ నిలిచిన గుట్ట మీద శ్రీ ఇరుచూపులమ్మ వారు కొలువై ఉన్నారు. ఇక్కడ విగ్రహం లేదు, గోపురం లేదు. ముందుకు పొడుచుకు వచ్చిన బండ కింద, రాతి గోడ మీద రంగులతో దిద్దిన రూపమే అమ్మవారు. కుడికన్ను విశాలంగా, వాడిగా ఉంటుంది. ఎడమకన్ను కాస్త చిన్నది, రవ్వంత కిందికి వాలి ఉంటుంది. కొలతలు తెలిసిన పెద్దమనుషులు కొందరు గుట్ట ఎక్కిన ఆయాసం తీరకముందే ఈ తేడాను కనిపెట్టి మా అర్చకులకు చెబుతుంటారు. వారిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఈ కథ వినిపించడం మాకు అలవాటు.

పూర్వం ఇక్కడ గొర్రెల కాపరులు మాత్రమే తిరిగేవారు. ఒక ఏడు చిరుతపులి ఒకటి మందలకు మరిగింది. ఈ లోయలో కాపు కాస్తే అది ఆ లోయలో పడేది, ఆ లోయలో కాస్తే ఈ లోయలో పడేది. అప్పుడు కాపరుల పెద్ద బీరయ్యకు అమ్మవారు కలలో కనిపించి, బండ మీద తన రూపు రాయించమని, శ్రావణం మూడో శుక్రవారం మిట్టమధ్యాహ్నానికి కళ్ళు దిద్దిస్తే ఆపైన కావలి తనదేనని ఆనతిచ్చింది. బీరయ్య ఊరూరా పటాలు రాసి బతికే ఓదెలును, ఆయన భార్య సాయవ్వను పిలిపించాడు.

ఆ దంపతుల పనిలో గీత ఓదెలుది, రంగు సాయవ్వది. చింతగింజల జిగురు కాచి, ఎర్రరంగుకు ఇంగిలీకం నూరి, గీతల నడుమ రంగు నింపడం ఆమె వంతు. అన్నిటికన్నా చివర కళ్ళు దిద్దడం ఆయన వంతు. కన్ను దిద్దిన చేతిదే బొమ్మ అని వారిలో కట్టుబాటు. ఇరవై ఏళ్ళ కాపురంలో సాయవ్వ కళ్ళు దిద్దే కుంచెను కడిగి ఇచ్చిందే గాని, ఒక్కనాడూ తాను రంగులో ముంచలేదు.

ఓదెలు మొదటినుంచీ కాలు నిలవని మనిషి. ఈ గుట్ట మీదికి వచ్చాక మరీ ఎక్కువైంది. బండ ముందు కట్టిన మంచె ఎక్కుతాడు, దిగుతాడు, గీసిన ముఖాన్ని తడిగుడ్డతో తుడిచేస్తాడు. అలా మూడుసార్లు తుడిచాడు. అన్నం ముందు పెడితే రెండు ముద్దలకే లేచిపోతాడు. పనిమంతుడికి ఆ మాత్రం తిక్క ఉంటుందిలే అని కాపరులు సరిపెట్టుకొన్నారు. సాయవ్వకు నిజం తెలుసు. ఆయనకు చూపు తగ్గిపోతున్నది. మూడేళ్ళుగా ఆయన గీత పక్కకు పోయిన చోటల్లా ఆమె రంగుతో కప్పి సరిదిద్దుతూ వచ్చింది. చెబితే ఆయన కుంచె పారేస్తాడని భయం, చెప్పకపోతే నలుగురిలో పరువు పోతుందని భయం. ఆమెకూ తిండి సయించలేదు. కంటి దగ్గర రంగుతో కప్పిపుచ్చడానికి చోటుండదు మరి.

శుక్రవారం వచ్చింది. కాపరులు మందలతో గుట్ట కింద చేరారు. ఓదెలు కుడికన్ను ఒక్క ఊపులో దిద్దాడు. ఆ పని చూపుతో కాక అలవాటుతో జరిగింది. ఎడమకంటికి కుంచె ఎత్తి, అలాగే ఆగిపోయాడు. చెయ్యి అటూ ఇటూ తడుముకొంది. మంచె దిగి వచ్చి గుడ్డ అడిగాడు. సాయవ్వ గుడ్డను వెనక దాచుకొంది.

"సక్కగ రాలే. తుడుస్త," అన్నాడు ఓదెలు.

"సక్కగనే వచ్చింది. రెండోది ఏడ పెట్టాల్నో నీకు కనబడ్తలేదు," అన్నది సాయవ్వ.

ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడిగాడు. మూడేళ్ళన్నది. ఇన్నాళ్ళూ తన పేరును నిలబెట్టింది ఎవరో ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. సిగ్గు ముంచుకొచ్చి, అది కోపమై, నోటికి వచ్చినట్లు తిట్టాడు. సాయవ్వ ఏడ్చింది గాని గుడ్డ ఇవ్వలేదు. నీడలు కాళ్ళ కిందికి వచ్చేశాయి. కింద డప్పులు మొదలయ్యాయి. ఓదెలు కుంచెను ఆమె చేతిలో పెట్టాడు.

"నా లెక్కనే గియ్యి," అన్నాడు.

ఆయనలాగే గీయడం ఆమెకు కష్టం కాదు. కాని మూడేళ్ళ దాపరికంతో ఆమె విసిగిపోయి ఉంది, ఇంకొకటి మోయడం ఆమె వల్ల కాలేదు. మంచె ఎక్కి, తన చెయ్యి ఎలా పోతే అలా పోనిచ్చింది.

"నా కన్ను లెక్కనే ఉన్నదా?" అని కింది నుంచి అడిగాడు ఓదెలు.

"లేదు," అన్నది సాయవ్వ.

ఆయన మంచె ఎక్కి, బండకు ముక్కు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టి, ఆ కంటిని చాలాసేపు చూశాడు. గుడ్డ అడగలేదు.

బీరయ్య మాత్రం ఊరుకోలేదు. అమ్మవారికి మెల్లకన్ను పెట్టారని మండిపడి, తానే గుడ్డ పట్టుకొని కుడివైపు నుంచి ఎక్కబోయాడు. కుడికన్ను ఆయన మీద నిలిచింది. తడబడి ఎడమవైపుకు పోతే ఎడమకన్ను పట్టుకొంది. ఎటు తిరిగినా ఆ చూపు తప్పలేదు. ఒక్కతీరు కళ్ళయితే ఒక్క లోయనే చూసేవని, అమ్మకు రెండు లోయలూ కావాలని గ్రహించి, గుడ్డ వదిలి సాగిలపడ్డాడు. ఆ తరువాత చిరుత ఈ దరిదాపులకు రాలేదు. ఓదెలుకు చూపు పూర్తిగా పోయేదాకా, ఆ దంపతులు రాసిన ప్రతి పటంలోనూ ఒక కన్ను ఆయనది, ఒక కన్ను ఆమెది.

నేటికీ ఏటా ఆ శుక్రవారం నాడు ఆ వంశపు దంపతులే అమ్మవారి కళ్ళను మళ్ళీ దిద్దుతారు. భార్య మంచె దిగగానే భర్త అందరూ వినేలా "నా కన్ను లెక్కనే ఉన్నదా?" అని అడగాలి. ఆమె "లేదు" అనే వరకు హారతి వెలిగించరు. ఆ మాటను చెవులారా విన్న ఆలుమగల కాపురంలో కలతలు నిలవవని భక్తుల నమ్మకం. నిరుడు ఎడమకన్ను దిద్దిన కొత్తకోడలు మొహమాటపడి, కొంచెం ఉన్నదని చెప్పింది. అర్చకులు ఆ కన్ను తుడిపించి, కుంచె మళ్ళీ ఆమె చేతికే ఇచ్చారు. రెండోసారి ఆమె గట్టిగానే చెప్పింది.